పాశ్చాత్యేతర సాహిత్యం: పఠనానికి ముందు

పాఠ్యభాగ ఉద్దేశం

స్వదేశంలోను, విదేశాలలోను పలు విశ్వవిద్యాలయాలు ‘పాశ్చాత్యేతర సాహిత్యం’ అనే పేరుతోనో, దానికి దగ్గరి పేరుతోనో ఒక పాఠ్యక్రమాన్ని బోధిస్తున్నాయి. చైనా, జపాను, అరబ్బు, ఆఫ్రికా దేశాల రచనలతో పాటు మన దేశపు రచనలు కూడా అందులో చోటు చేసుకుంటాయి. అటువంటి పాఠ్యక్రమంలో చేరదలచిన తెలుగు విద్యార్థి ముందుగా ఏ సన్నాహం చేసుకోవాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గ్రంథాలయంలో తెలుగు కావ్యాల బీరువా ముందు నిలబడినప్పుడు పుస్తకాల వెన్నుపై అంటించిన చీటీలను ఎప్పుడైనా పరిశీలించారా? డ్యూయీ దశాంశ వర్గీకరణను అనుసరించే గ్రంథాలయమైతే ఆ చీటీపై 894.827 అనే సంఖ్య కనిపిస్తుంది. అది తెలుగు సాహిత్యానికి కేటాయించిన సంఖ్య. 1876లో అమెరికా దేశీయుడైన మెల్విల్ డ్యూయీ ప్రకటించిన ఈ పద్ధతిలో 800 మొదలు 899 వరకు సాహిత్యానివి. దీన్ని పది గదుల ఇల్లుగా భావించండి. మొదటి గది సాధారణ విషయాలకు ఉద్దేశించినది. తరువాతి ఎనిమిది గదులలో అమెరికా వారి ఆంగ్ల సాహిత్యం, ఇంగ్లండు సాహిత్యం, జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్, లాటిన్, గ్రీకు సాహిత్యాలు తమ తమ బంధువర్గంతో నివసిస్తాయి. చివరిదైన 890 తక్కిన ప్రపంచమంతటికీ కలిపి ఇచ్చిన గది. దాని పేరు ‘ఇతర భాషల సాహిత్యం’. సంస్కృతం, పారసీకం, అరబ్బీ, చైనా, జపాను భాషలు, తమిళం, తెలుగు అన్నీ అక్కడ సర్దుకొని కూర్చున్నాయి. తమాషా ఏమంటే టాల్‌స్టాయి కూడా అక్కడే ఉన్నాడు. రష్యన్ భాషకు సైతం విడిగా గది దొరకలేదు.

ఈ ‘ఇతర’ శబ్దాన్ని కొంచెం నిలిచి ఆలోచించాలి. పాశ్చాత్యేతరం అనే మాట ఒక వస్తువు ఏమిటో చెప్పదు, ఏది కాదో మాత్రమే చెబుతుంది. మామిడి కాని పండ్లన్నింటినీ ఒకే గంపలో పోసి, ఆ గంపకు ఒకే రుచి ఉంటుందని భావించడం వంటిది ఇది. క్యోటో రాజాంతఃపురంలో వెలసిన వచన కథకు, నైజీరియాలోని ఇగ్బో పల్లెను చిత్రించిన నవలకు, నన్నయ పద్యానికి నడుమ స్వభావసిద్ధమైన చుట్టరికం ఏదీ లేదు. వాటిని ఒకచోట చేర్చినది చూసేవాడు నిలబడిన తావు. అందువల్ల ఈ పాఠ్యక్రమంలో చేరే తెలుగు విద్యార్థి పరిస్థితి విచిత్రమైనది. అతడు చదివేవాడు, అదే సమయంలో చదవబడేవాడు కూడా. పుస్తకాల పట్టికలో ఒక వరుసలో అచెబె నవల ఉంటే, మరొక వరుసలో తన ఊరి భాషలో పుట్టిన రచనే ఉండవచ్చు.

ఇటువంటి పాఠ్యక్రమాలు ఎలా ఏర్పడ్డాయో కొద్దిగానైనా తెలుసుకొని ఉండడం అవసరం. కాళిదాసు శాకుంతలాన్ని అనువాదంలో చదివి పరవశించిన జర్మన్ మహాకవి గేటే 1827 జనవరిలో ఒక చైనా నవలను చదువుతూ, ఇక విశ్వసాహిత్య యుగం రానున్నదని తన అనుచరుడైన ఎకర్మన్‌తో అన్నాడు. ఆ ఆలోచన తరగతి గదిని చేరడానికి ఒక శతాబ్దానికి పైగా పట్టింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం థియొడోర్ డి బారీ వంటి ఆచార్యులు ఆసియా ఖండపు ప్రాచీన గ్రంథాలను చదివించే తరగతులను తీర్చిదిద్దారు. వారి ఉద్దేశం ఉదాత్తమైనదే. అయితే ఆ తరగతులలో పాశ్చాత్య సాహిత్యం స్వగృహం, ఆసియా సాహిత్యం యాత్రాస్థలం.

ఆ అమరికను తలకిందులు చేసిన ఘటన ఆఫ్రికాలో జరిగింది. 1968 అక్టోబరులో కెన్యా రాజధాని నైరోబీలోని విశ్వవిద్యాలయ కళాశాలలో గుగి వా థియాంగో, హెన్రీ ఒవుర్ అన్యుంబా, తబన్ లో లియాంగ్ అనే ముగ్గురు అధ్యాపకులు ఒక పత్రాన్ని ముందుకు తెచ్చారు. ఆంగ్ల శాఖను రద్దు చేయాలన్నది వారి వాదన. ఆంగ్ల సాహిత్యాన్ని చదవవద్దని కాదు. ఏ సాహిత్యాన్ని నడుమ నిలిపి తక్కినవాటిని చూస్తున్నామన్నదే వారి ప్రశ్న. కెన్యా విద్యార్థి తన నేల పాటలు, గాథలు, సామెతలతో చదువు ప్రారంభించి అక్కడినుండి ఇతర ఖండాలకు వెళ్ళాలని వారు కోరారు. లిఖిత గ్రంథాలతో సమానంగా మౌఖిక సాహిత్యానికి స్థానం ఇవ్వాలన్నారు. 2025లో కన్నుమూసిన గుగి తరువాతి కాలంలో ఆంగ్లంలో నవలలు రాయడం మాని తన మాతృభాష గికుయులో రచన సాగించాడు. ఆ భాషలో తొలి నవలను 1978లో చెరసాలలో, మరుగుదొడ్డి కాగితాలపై రాశాడు. దానిని వరవరరావు చెరసాలలోనే ఉండి తెలుగులోకి అనువదించాడు. ‘మట్టికాళ్ల మహారాక్షసి’ అనే పేరుతో అది తెలుగువారికి అందింది. రెండు ఖండాల మధ్య ఈ పుస్తకం నడచిన దారిలో ‘పాశ్చాత్యం’ ఊసే లేదు.

ఇక పఠనానికి వద్దాం. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రకటించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల ఈ పాఠ్యక్రమాలలో తరచుగా కనిపిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగంలో ఇగ్బో ప్రజల పల్లెలోనికి క్రైస్తవ మతప్రచారకులు, వారి వెనుక ఆంగ్లేయుల ప్రభుత్వం ప్రవేశించిన కాలపు కథ ఇది. మొదటి అధ్యాయంలోనే ఒక చక్కని ఘట్టం ఉంది. కథానాయకుడైన ఒకోంక్వో తండ్రి పేరు ఉనోకా. అతడు వేణువు ఊదడంలో నేర్పరి, అప్పులు చేయడంలో అంతకంటె నేర్పరి. ఒకనాడు ఒకోయె అనే పొరుగువాడు అతని ఇంటికి వస్తాడు. ఉనోకా కోలా కాయను తెచ్చి అతిథి ముందుంచుతాడు. దానిని పగలగొట్టే గౌరవం నీదంటే నీదని ఇద్దరూ కొంతసేపు మర్యాద పోతారు. ఉనోకా దానిని పగలగొడుతూ పితృదేవతలను ప్రార్థిస్తాడు. ఆపై వానల మాట, పంటల మాట, రానున్న పండుగ మాట. ఎంతో సేపటికి ఒకోయె తాను వచ్చిన పని ఎత్తుకుంటాడు. అప్పుడు కూడా సూటిగా కాదు, సామెత మీద సామెత పేర్చి చెబుతాడు. అసలు సంగతి ఉనోకా తనకు బాకీపడిన రెండు వందల గవ్వలు. ఉనోకా పగలబడి నవ్వి, గోడమీద సుద్దతో గీసిన గీతలను చూపి, అవన్నీ తన అప్పులనీ, ముందు పెద్ద అప్పులు తీర్చాలనీ చెప్పి పంపివేస్తాడు.

ఈ ఘట్టాన్ని విదేశీ తరగతిలోని విద్యార్థి చదివితే, అప్పు అడగడానికి ఇంత ఉపోద్ఘాతం ఎందుకని ఆశ్చర్యపడవచ్చు. తెలుగు విద్యార్థికి ఆ సందేహమే రాదు. మన ఇళ్ళలో సంబంధం మాట్లాడడానికి వచ్చినవారు గాని, పొలం బేరానికి వచ్చినవారు గాని గడప దాటగానే విషయం ఎత్తరు. మంచినీళ్ళు, కుశలప్రశ్నలు, వర్షాల ప్రస్తావన ముగిసిన తరువాతనే ‘మరేం లేదు’ అని మొదలుపెడతారు. ఆ ‘మరేం లేదు’ అన్నప్పుడే అసలు విషయం ఉన్నదని ఇంటివారికి తెలుస్తుంది. సామెత సంభాషణకు అలంకారం మాత్రమే కాదు, కటువైన మాటను నొప్పించకుండా చేరవేసే వాహనమని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే ప్రమాదం కూడా ఇక్కడే పొంచి ఉన్నది. కోలా కాయ మన తాంబూలం వంటిదని ఒక్క మాటలో తేల్చివేసి ముందుకు సాగడం సులభం. ఈ వ్యాసకర్త కూడా మొదటి పఠనంలో ఆ పనే చేశాడు. కాని మనం తాంబూలాన్ని సాధారణంగా భోజనానంతరం, శుభకార్యాంతంలో, సాగనంపేటప్పుడు ఇస్తాం. ఇగ్బో ఇంట కోలా కాయ రాకతోనే సంభాషణకు ద్వారం తెరుచుకుంటుంది. ఒకటి ముగింపు, మరొకటి ఆరంభం. పోలిక చెప్పుకోవడం తప్పు కాదు. పోలిక దొరికిన చోటనే ఆగిపోవడం తప్పు. ‘చి’ అనే చిన్న పదం విషయంలో ఈ పొరపాటు మరింత పెద్దదవుతుంది. ఇగ్బో విశ్వాసం ప్రకారం ప్రతి మనిషికీ తనదే అయిన ఒక దైవం ఉంటుంది. అదే చి. దానిని ‘తలరాత’ అని అనువదించుకుంటే ఒకోంక్వో కథ విధివంచితుని కథగా మారిపోతుంది. ‘ఆత్మ’ అనుకుంటే వేదాంతం వచ్చి కూర్చుంటుంది. నవలలోని మనుషులు మాత్రం ఒకడు గట్టిగా ఔనంటే అతని చి కూడా ఔననక తప్పదని నమ్ముతారు. దైవాన్ని సైతం ఒప్పించగల మనిషి పట్టుదలకు, అదే మనిషి పతనానికి నడుమ సాగే ఘర్షణ ఈ నవలకు ఆయువుపట్టు. ‘తలరాత’ అన్న ఒక్క మాటతో ఆ ఘర్షణ అణగిపోతుంది.

ఈ జాగ్రత్త అంతా ఎందుకో నవల చివరి పుట చెబుతుంది. ఒకోంక్వో మరణించిన తరువాత అక్కడికి వచ్చిన ఆంగ్లేయ జిల్లా అధికారి తాను రచించబోయే గ్రంథం గురించి ఆలోచిస్తాడు. ఈ మనిషి కథ ఆసక్తికరమైనదనీ, దీనికి ఒక అధ్యాయం కేటాయించవచ్చుననీ మొదట అనుకుంటాడు. అధ్యాయం ఎక్కువేమో, ఒక పేరా చాలునని సర్దుకుంటాడు. పాఠకుడు అప్పటికి వందకు పైగా పుటలలో ఆ మనిషి కోపాన్ని, భయాన్ని, కుమార్తె మీది మమకారాన్ని చూసి ఉన్నాడు. ఆ జీవితమంతా ఆ అధికారి లెక్కలో ఒక పేరా. ఆ అధికారి దుర్మార్గుడు కాదన్నది గమనించాలి. అతడు విషయసేకరణ చేస్తున్న శ్రద్ధావంతుడు. పరీక్ష కోసం చదివే ప్రతి విద్యార్థిలోను అతడు కొంత ఉంటాడు. పదిహేను వారాలలో పది దేశాలను చుట్టివచ్చే పాఠ్యక్రమంలో ఒక్కొక్క జాతికి దక్కేది ఇంచుమించు ఒక పేరాయే. ఆ పేరాను నమ్మకుండా ఉండడం నేర్చుకోవడమే అసలు సన్నాహం.

రెండవ విషయం అనువాదం. ఈ పాఠ్యక్రమంలో చదివే గ్రంథాలు అధికభాగం అనువాదాలే. కాబట్టి ముఖచిత్రం మీది రచయిత పేరుతో పాటు లోపలి అనువాదకుని పేరు కూడా నోటుపుస్తకంలో రాసుకోవాలి. జపాను దేశపు ‘గెంజి గాథ’నే తీసుకోండి. నన్నయ రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణకు పూనుకొన్న పదకొండవ శతాబ్దంలోనే, దాని తొలి దశాబ్దాలలో, అంతఃపుర పరిచారికయైన మురసకి షికిబు దీనిని రచించింది. యాభైనాలుగు అధ్యాయాల వచన గ్రంథమిది. మధ్య మధ్య సుమారు ఎనిమిది వందల చిన్న పద్యాలు ఉన్నాయి. ఆర్థర్ వేలీ 1925 నుండి 1933 వరకు దీనిని ఆంగ్లంలో వెలువరించి లోకప్రసిద్ధం చేశాడు. అయితే ఒక అధ్యాయాన్ని పూర్తిగా వదిలివేశాడు. తరువాత 1976లో సైడెన్‌స్టికర్, 2001లో రాయల్ టైలర్ కొత్త అనువాదాలు చేశారు.

మూలంలో పాత్రలకు పేర్లు దాదాపు ఉండవు. పదవిని బట్టి, నివాసాన్ని బట్టి, ఒక పువ్వును బట్టి సూచిస్తారు. చాలా వాక్యాలలో కర్త కూడా కనిపించదు. మరి ఎవరు వచ్చారో, ఎవరు పలికారో తెలిసేదెలా? క్రియాపదంలోని గౌరవసూచకాలు చాలావరకు దారి చూపుతాయి. ఆంగ్ల పాఠకుడికి ఇది విడ్డూరం. తెలుగు విద్యార్థికి అంత కొత్త కాదు. ‘తిన్నాడు’, ‘భోంచేశారు’, ‘ఆరగించారు’ అనే మూడు క్రియలను కర్త లేకుండా వినిపించినా, ఒకటి చిన్నవానిదనీ, ఒకటి పెద్దలదనీ, ఒకటి దేవునిదో పీఠాధిపతిదో అనీ మనం పోల్చుకోగలం. ఆంగ్లంలో ఈ మూడింటికీ ఒకే క్రియ సరిపోతుంది. అంటే ఆంగ్ల అనువాదంలో గెంజిని చదివే తెలుగు విద్యార్థి, మూలానికి అనువాదం కంటె దగ్గరగా ఉన్న ఒక సదుపాయాన్ని తన భాషలోనే దాచుకొని, దానిని వాడుకోకుండా చదువుతున్నాడన్నమాట.

చైనా రచయిత లూ షున్ 1918లో ‘కొత్త యువత’ అనే పత్రికలో ప్రకటించిన ‘పిచ్చివాని దినచర్య’ కథ ఇంకా చక్కని నిదర్శనం. ఊరివారందరూ మనుషులను తినేవారేనని, తననూ తినబోతున్నారని భయపడే వ్యక్తి రాసుకున్న దినచర్య ఇది. దీనికి ముందు ఒక చిన్న పీఠిక ఉంది. రోగికి నయమైందనీ, ప్రభుత్వోద్యోగం కోసం వెళ్ళాడనీ అతని అన్న చెప్పినట్లు పీఠికాకారుడు తెలుపుతాడు. ఈ పీఠిక ప్రాచీన చైనా గ్రాంథికంలో ఉంది. పిచ్చివాని దినచర్య మాత్రం నిత్యవ్యవహారంలోని జీవద్భాషలో ఉంది. ఈ భేదాన్ని తెలుపని అనువాదంలో రెండు భాగాలూ ఒకే తీరున కనిపిస్తాయి. పాఠకుడు దానిని ఒక రోగి కథగా చదివి పుస్తకం మూసివేస్తాడు.

గ్రాంథిక వ్యావహారిక వివాదాన్ని పాఠ్యపుస్తకంలో చదివిన మనకు మాత్రం ఆ భేదం తెలియగానే కథ స్వరూపమే మారిపోతుంది. గురజాడ ‘దిద్దుబాటు’ వెలువడినది 1910లో. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడుతున్నదీ ఆ కాలమే. లూ షున్ కథలో తెలివిగలవారి భాష మృతభాష, పిచ్చివాని భాష సజీవభాష. ‘నయం కావడం’ అంటే ఆ సజీవభాషను విడిచి మళ్ళీ గ్రాంథికంలోనికి, ఉద్యోగంలోనికి వెళ్ళిపోవడం. ఇంతకంటె విషాదకరమైన ఆరోగ్యం మరొకటి ఉంటుందా? గిడుగువారు ఈ కథను చదివి ఉంటే ఎంత సంబరపడేవారో అనిపిస్తుంది.

అనువాదం మూలం నుండి తొలగించడమే కాదు, లేనిదానిని చేర్చడం కూడా చేస్తుంది. ‘వెయ్యిన్నొక్క రాత్రుల’లో అందరికీ తెలిసిన అల్లావుద్దీన్, అలీబాబా కథలు పాత అరబ్బీ ప్రతులలో లేవు. ఫ్రెంచి అనువాదకుడు ఆంత్వాన్ గాలాన్‌కు 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు వాటిని చెప్పాడు. గాలాన్ వాటిని తన సంపుటాలలో చేర్చాడు, చెప్పినవాని పేరు మాత్రం ముద్రించలేదు. ప్రపంచం అత్యధికంగా ఎరిగిన ‘అరబ్బు’ కథలు ఈ విధంగా లోకంలోనికి వచ్చాయి. మన పంచతంత్రం సైతం ఆరవ శతాబ్దంలో పారసీకానికి, ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా చేతిలో అరబ్బీకి వెళ్ళి, అక్కడినుండి ఐరోపాకు నడిచింది. చిన్నయసూరి నీతిచంద్రికలో మీరెరిగిన నక్కలే అరబ్బీలో కలీలా, దిమ్నా అయ్యాయి.

కనుక పాఠ్యక్రమం ప్రారంభం కావడానికి ముందున్న రెండు మూడు నెలల వ్యవధిలో ఏం చేయాలి? ప్రపంచ సాహిత్య చరిత్రలను కంఠస్థం చేయనవసరం లేదు. పట్టికలోని ఒక్క గ్రంథాన్ని ఎంచుకొని నెమ్మదిగా రెండుసార్లు చదవండి. పీఠికను మొదటిసారి వదిలివేసి, రెండవసారికి ముందు చదవండి. పీఠికలు మంచివే కాని, కథ మన మీద వేయవలసిన ముద్రను అవి ముందే వేసివేస్తాయి. ఆ దేశపు పటాన్ని దగ్గర ఉంచుకోండి. అర్థం కాని పదాలను వెంటనే తెలుగులోనికి మార్చకుండా యథాతథంగా నోటుపుస్తకంలో రాసి, ఆ పదం ఎదురైన ప్రతి సందర్భాన్నీ దాని కింద చేర్చండి. నాలుగైదు సందర్భాలు చేరేసరికి నిఘంటువు ఇవ్వని అర్థం దానంతట అదే తేలుతుంది. రెండు అనువాదాలు దొరికితే ఒకే పుటను రెండింటిలోను చదవండి. అవి విభేదించిన చోటనే మూలం తొంగిచూస్తుంది.

వీటన్నింటికంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. దానికి విదేశీ గ్రంథం అక్కరలేదు. కన్యాశుల్కం ప్రథమాంకం తీయండి. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర గిరీశం తన శిష్యుడు వెంకటేశంతో మాట్లాడే భాగంలో ఒక్క పుట ఎంచుకొని ఆంగ్లంలోనికి అనువదించడానికి ప్రయత్నించండి. వెల్చేరు నారాయణరావు ఈ నాటకాన్ని ‘గర్ల్స్ ఫర్ సేల్’ అనే పేరుతో 2007లో ఆంగ్లంలో ప్రకటించారు. దానిని అప్పుడే చూడకండి. ‘పూటకూళ్లమ్మ’ అన్న మాట దగ్గరే మీ కలం ఆగుతుంది. భోజనం పెట్టి డబ్బు తీసుకొనే స్త్రీ అని రాస్తే అర్థం వస్తుంది, ఆమె పట్ల ఆ ఊరి చూపు రాదు. అంతకంటె పెద్ద చిక్కు గిరీశం ఆంగ్లంతోనే. అతడు తెలుగు మధ్యలో ఆంగ్లం గుప్పిస్తాడు. ఆ ఆంగ్లమే అతని దర్జా, అతని డొల్లతనం. నాటకమంతా ఆంగ్లమైపోతే గిరీశం ఆంగ్లం ఎక్కడికి పోయినట్లు? మీరు ఎక్కడెక్కడ ఆగిపోయారో, ఆగిన ప్రతి చోట దేనిని వదిలి దేనిని నిలుపుకున్నారో ఆ అనువాదం పక్కనే రాసిపెట్టండి. పాఠ్యక్రమం కోసం మీరు తెరిచే నోటుపుస్తకంలో మొదటి పుట అదే కావాలి. అచెబె నవల గురించిన పుట దాని తరువాత.